బ్రేకులు చెడుట దైవికమా?

వానలు వెనుకబట్టినవి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో ప్రత్తికాయ పగులుటకు సిద్ధముగ నున్నది. మిరపతోట వేళ్లూనికొని కొమ్మలు వేయుచున్నది. కొలది వారములలో ప్రత్తి తీతలును, సంక్రాంతి నాటికి మిరప కోతలును ఆరంభమగును. అప్పుడు తెల్లవాఱకమునుపే ఊరి రచ్చబండయొద్ద చిన్న సరకుబండి వచ్చి నిలుచును. అన్నపుగిన్నెలు చేతబట్టుకొని ఆడుకూలీలు దానిపై నెక్కుదురు; ఒకరి మోకాలు మఱియొకరి వీపునకు తగులునట్లు కూర్చుందురు. సాయంకాలమునకు అదే బండి మిర్చి టిక్కీలను వేసికొని గుంటూరు యార్డునకో, శీతల గిడ్డంగికో బయలుదేఱును. ఒకనాడు ఎడ్లబండి చేసిన పనియంతయు నేడీ బండియే చేయుచున్నది. రైతునకు ఇదియే లారీ. కూలికి ఇదియే బస్సు.

ఏటేట ఈ సుగ్గి దినములలోనే పత్రికలయందొక వాక్యము కనబడుచుండును: “బ్రేకులు ఫెయిలగుటచే బండి అదుపు తప్పినది.” పఠనమందిరములలో దానిని చదువుదురు, “అయ్యో పాపము” అందురు, పుట త్రిప్పుదురు. బండిని నడపినవాడును అదే చెప్పును. యజమానుడును అదే చెప్పును. ఠాణా కాగితమునందును అదే వ్రాయబడును. పిడుగు పడినదన్నట్లు, వరద వచ్చినదన్నట్లు, బ్రేకులు ఫెయిలైనవని చెప్పినంతనే విచారణ ముగిసిపోవును. అట్టి వాక్యములను అచ్చువేయుటలో పత్రికలవారమైన మాకును భాగము గలదు గావున ఈ నింద నుండి మేమును తప్పించుకొనజాలము. బ్రేకులు ఫెయిలైనవనుట సమాధానము గాదు, ప్రశ్న. విచారణ అచ్చట ముగియుట గాదు, అచ్చటనే మొదలు కావలయును. ఈ మాట చెప్పుటకే నేడు మేము పూనుకొంటిమి.

ఈ బండ్లపై నెందఱి ప్రాణము లాధారపడియున్నవో ముందుగ తలంచికొందము. 2020 మే నెలలో ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలము రాపర్ల సమీపమున, మిరపకోతకు పోయి తిరిగివచ్చుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనెను. తొమ్మండుగురికి తక్కువగాకుండ కూలీలు ప్రాణములు గోల్పోయిరి. 2022 మే నెలలో శ్రీశైల యాత్ర ముగించుకొని యిండ్లకు మరలుచున్నవారితో నిండిన చిన్న సరకుబండి పల్నాడు జిల్లా రెంటచింతలయొద్ద నిలిచియున్న లారీకి తగిలి ఆరుగురు చనిపోయిరి. ఈ రెండు ఘోరములకును బ్రేకులు కారణమని మేము చెప్పుటలేదు. సరకునకై చేసిన బండిలో మనుష్యులను నింపినపుడు ఒక్క పొరపాటు ఎన్ని యిండ్ల దీపము లార్పగలదో ఇవి చెప్పుచున్నవి. పొరపాటు మనిషిది కావచ్చును, రోడ్డుది కావచ్చును. బండి క్రింద తుప్పుపట్టిన యొక సన్నని గొట్టముది సైతము కావచ్చును. మొదటి రెంటిని గూర్చి అందఱును మాటలాడుదురు. మూడవదానిని గూర్చి మాటలాడువారు లేరు గావున మేము దానినే యెత్తుకొంటిమి.

పెద్ద లారీలకును బస్సులకును గాలి బ్రేకులుండును. చిన్న సరకుబండ్లకు సాధారణముగ ఆయిలు బ్రేకులే. నడుపువాడు పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని ద్రవము ఒత్తిడికి లోనై, సన్నని ఉక్కు గొట్టముల ద్వారా నాలుగు చక్రములకును ఆ యొత్తిడిని చేరవేయును. అచ్చట అది లైనర్లను డ్రమ్మునకు ఒత్తి చక్రమును నిలుపును. మూసిన పాత్రలోని ద్రవమునందు ఒకచోట కలిగించిన యొత్తిడి అన్ని వైపులకును సమముగ ప్రసరించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కలు చెప్పిన సూత్రమే దీనికి మూలము. షెడ్డులవారు బ్రేకుపైపు అని పిలుచునది ఈ గొట్టమునే. దాని వెలుపలి వ్యాసము సాధారణముగ 4.75 మిల్లీమీటర్లు, గోడ మందము సుమారు 0.7 మిల్లీమీటరు. పెడలు గట్టిగ త్రొక్కినపుడు దీనిలోపల వాతావరణపు టొత్తిడికి 70 నుండి 100 రెట్ల వఱకు ఒత్తిడి పుట్టును. రెండు వేల కిలోల బండియు, దానిపై వేసిన బరువును, ఎక్కిన మనుష్యులును ఒక మిల్లీమీటరైన మందము లేని ఈ గోడనే నమ్ముకొని పోవుచున్నారు.

ఇచ్చట పాఠకులు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. తుప్పు తిన్న గొట్టము మెల్లగ నడచునపుడు పగులదు. సందులలో, సంతలో, పొలముదారిలో పెడలును మెత్తగ త్రొక్కుచున్నంతకాలము అది పనిచేయుచునే యుండును. బఱ్ఱె అడ్డము వచ్చినపుడో, బడిపిల్లవాడు రోడ్డు దాటినపుడో, ముందుపోవు లారీ హఠాత్తుగ నిలిచినపుడో నడుపువాడు కాలిలోని బలమంతయు పెట్టి త్రొక్కును. లోపలి యొత్తిడి అప్పుడే అత్యధికమగును. గొట్టము పగులుటయు నప్పుడే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. “నిన్నటివఱకు బ్రేకులు బాగుగనే యుండెను” అని నడుపువాడు చెప్పుమాట అబద్ధము గాకపోవచ్చును. నిన్న ఆతడు గట్టిగ త్రొక్కవలసిన యవసరము రాలేదు. ఇంతకుమించి ఆ మాటకు అర్థము లేదు.

నేటి బండ్లయందు ద్రవము రెండు శాఖలుగ పోవునట్లు ఏర్పాటున్నది. ఒక శాఖ పగిలినను రెండవది కొంతవఱకు పనిచేయును. ఇది గొప్ప రక్షణయే. కాని రెండు శాఖల గొట్టములకును వయస్సొకటే. అవి తిరిగిన బురద యొకటే. ఒకటి పగిలిన వెంటనే నడుపువాడు భయముతో మఱింత బలముగ త్రొక్కును. రెండవదియు అంతే తుప్పుతో నున్నచో ఏమగునో చెప్పనక్కఱలేదు. అది నిలిచినను సగము బ్రేకుతో నిండుబరువు బండి ఎక్కడనో గాని ఆగదు.

ఇంతకును ఈ తుప్పు మన సీమకెట్లు వచ్చినది? ఇనుమునకు నీరును గాలియు చాలును. ఉప్పు తోడైనచో తుప్పు వేగము పెరుగును. శీతల దేశములయందు మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు; అచ్చట బండ్ల క్రిందిభాగము దానివలన చెడును. మనకు మంచు లేదు గావున ఆ బాధయు లేదనుకొనుట భ్రమ. మనము రోడ్డుపై ఉప్పు చల్లుట లేదు. బండిలోనే వేసికొని పోవుచున్నాము. చినగంజాము ఉప్పుకొఠార్ల నుండి ఉప్పుబస్తాలు మోయునది ఈ బండియే. చీరాల, నిజాంపట్నము, కొత్తపట్నము తీరముల నుండి చేపలను, చెఱువుల నుండి రొయ్యలను మంచుగడ్డలలో బెట్టి తెచ్చునది ఈ బండియే. ఆ ఉప్పునీరు పలకల సందులనుండి గొట్టములపై దారిపొడవున కారుచునే యుండును. తొలకరిలో ఎరువులబస్తాలు మోయునదియు ఇదియే. మన రైతు వేయు పొటాషు ఎరువు క్లోరైడు లవణమే గదా! చినిగిన బస్తా నుండి రాలిన పొడి గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తినును. తీరపు గ్రామములలో రాత్రింబవళ్లు వీచు సముద్రపు గాలి సంగతి చెప్పనేల?

వీనికి తోడు మన నల్లరేగడి. ఈ మన్ను మనకు అన్నము పెట్టు తల్లియే గాని, తడిసినపుడు దాని జిగట అందఱెఱుగుదురు. కాలికి పట్టినచో చెప్పు ఊడివచ్చును గాని మన్ను ఊడదు. అట్టి మన్ను బండి క్రింద, గొట్టమును చట్రమునకు బిగించిన క్లిప్పుల సందులలో చేరి, వారముల తరబడి తడి నాఱనీయక పట్టియుంచును. గొట్టము ముందుగ తుప్పుపట్టునది ఆ క్లిప్పుల క్రిందనే; పైనుండి చూచువానికి కనబడనిదియు అచ్చటనే. మన బండ్లవారు ముందటి అద్దమును, తలుపులను, కులదైవము పటమును నిత్యము తుడుతురు. బండి కడుపుక్రింద నీరు కొట్టి కడుగువారు అరుదు.

కిందటి వేసవిలో మేమొక వ్యాజ్యపు పనిమీద ఆటోనగరులోని యొక షెడ్డునకు పోవుట తటస్థించెను. గుంతపై నిలిపిన పాతబండి యొకటి కొత్తగ రంగు వేయబడి పెండ్లికుమారునివలె మెఱయుచుండెను. వృద్ధుడైన మేస్త్రీ మమ్ము గుంతలోనికి దింపి, దీపము పట్టి, “ప్లీడరుగారూ, ఈ పైపును వేలితో నలపండి” అనెను. నలిపితిమి. ఉల్లిపొరవలె తుప్పు రేకలు రేకలుగ లేచి వచ్చినది. దాని క్రింద ఆయిలు చెమ్మ తగిలినది. “పైన రంగు అందరూ చూస్తారండి. కింద చూసేది నేనూ, ఆ పైవాడూ” అని యాతడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఆ బండి అంతకుముందు వారమే ముప్పదిమంది కూలీలను చేనికి చేరవేసినదని విన్నాము.

ఈ సంకటము మనకే వచ్చినది గాదు. అమెరికాలో జనరల్ మోటార్సువారి 1999 మొదలు 2003 వఱకు గల మోడళ్ల పికప్పు ట్రక్కులయందును, వానిని పోలిన పెద్దకార్లయందును బ్రేకుపైపులు తుప్పుపట్టి పగులుచున్నవని ఫిర్యాదులు రాగా, అచ్చటి జాతీయ రహదారి భద్రతా సంస్థ 2010లో విచారణ కారంభించెను. విచారణకు లోనైన బండ్లు సుమారు 50 లక్షలు. అయిదేండ్ల పిమ్మట 2015 ఏప్రిలులో విచారణ ముగిసినది. బండ్లను వెనుకకు పిలిపింప నక్కఱలేదనియు, ఇది తయారీలోని ప్రత్యేకదోషము గాక వయస్సువలనను ఉప్పువలనను వచ్చిన అరుగుదల యనియు, ఇతర కంపెనీల పాతబండ్లయందును ఇట్టిదే కనబడుచున్నదనియు ఆ సంస్థ తేల్చెను. పాతబండ్ల యజమానులు క్రిందిభాగమును కడుగుచుండవలెననియు, గొట్టములను పరీక్ష చేయించుకొని తుప్పు కనబడినచో మొత్తము మార్పించుకొనవలెననియు హెచ్చరించెను.

ఆ తీర్పు న్యాయమా, కంపెనీకి అనుకూలమా యను వాదము అచ్చట చాల జరిగినది. తుప్పునకు లొంగని రాగి-నికెలు మిశ్రలోహపు గొట్టములను స్వీడను దేశపు వోల్వో కంపెనీ 1970ల నుండియే వాడుచుండగా ఇతరులు చౌక యుక్కునే యేల పట్టుకొని వ్రేలాడిరని అడుగుట సబబే. కాని మనకు కావలసిన పాఠము వేఱు. బండి పాతబడిన పిదప దాని గొట్టమును కాపాడుటకు కంపెనీయు రాదు, ప్రభుత్వమును రాదు; భారము యజమానునిపైననే పడును.

మన దేశమునందును స్థితి యిట్టిదే. దోషముగల బండ్లను కంపెనీవారిచే వెనుకకు పిలిపించు అధికారము 2019 సవరణ చట్టముచే మోటారు వాహనముల చట్టమున 110-ఎ విభాగముగ చేర్చబడినది. మంచిదే. కాని 2021లో దానికై చేసిన నిబంధన ఏడేండ్లు దాటని బండ్లకే వర్తించును. తుప్పు ఏడేండ్ల పిదపనే గదా తన పని చూపుట! మొదటి యజమానుడు పట్టణపు వర్తకుడు. రెండవవాడు రొయ్యల కంట్రాక్టరు. మూడవవాడు మన గ్రామపు చిన్నరైతు. బండి ఈ మూడవవాని చేతికి వచ్చునప్పటికి చట్టము తలుపు మూసికొనును. గొట్టము కడపటి పొర మీద నుండును.

ఇక న్యాయస్థానముల మాట. “బ్రేకులు హఠాత్తుగ చెడినవి, మా తప్పేమి?” అను వాదము న్యాయవాదులకు కొత్తది గాదు. దీనికి సమాధానము చెప్పిన వ్యాజ్యము 1969లో ఇంగ్లండు ప్రభువుల సభలో తీర్పునకు వచ్చినది. హెండర్సన్ వ్యాజ్యమని దానికి పేరు. అయిదేండ్ల వయస్సుగల లారీ పల్లము దిగుచుండగా బ్రేకు చెడి యొక మనుష్యుని చంపెను. పరీక్షింపగా బ్రేకుగొట్టమునకు తుప్పువలన రంధ్రము పడినట్లు తెలిసినది. గొట్టపు గోడ 0.7 మిల్లీమీటరు నుండి 0.1 మిల్లీమీటరుకు అరిగియుండెను. గొట్టము కొంత భాగము చట్రము చాటున నుండుటచే ఊడదీసిన గాని కనబడదనియు, అట్లు ఊడదీయవలెనని తయారీదారులు సైతము చెప్పలేదనియు యజమానులు వాదించిరి.

అయినను మృతుని భార్యయే గెలిచినది. న్యాయమూర్తులు అయిదుగురిలో ముగ్గురు చెప్పిన దాని సారమిది: దోషము దాగియున్నదని చెప్పినంత మాత్రమున చాలదు, తగిన జాగ్రత్త యంతయు తీసికొన్నను అది బయటపడలేదని యజమానుడే నిరూపించుకొనవలెను. అందుకై బండి చరిత్రను, అది ఏ సరకు మోసినదో, దానిపై లోహమును తిను పదార్థము లేవైన పడినవో ఆతడే చెప్పవలెను. చెప్పలేకపోయిరి గావున ఓడిరి. మన సుప్రీంకోర్టు సైతము 1977లో మీనూ బి. మెహతా వ్యాజ్యమున, యంత్రదోషమను వాదము తెచ్చినపుడు తగిన జాగ్రత్త తీసికొన్నట్లు నిరూపించు భారము యజమానునిదే యని చెప్పినది.

ఈ సూత్రమును మన సీమకు అన్వయింతము. ఉప్పుబస్తాలు మోసిన బండి, రొయ్యల నీరు కారిన బండి, పొటాషు పొడి రాలిన బండి: దాని యజమానుడు “తుప్పు పట్టునని నాకేమి తెలియును” అనుటకు వీలులేదు. ఏమి మోసినాడో ఆతనికి తెలియును, అదియే చాలు. మోటారు వాహనముల చట్టము 190వ విభాగము సైతము, తెలిసిన దోషముతోనో, సాధారణ శ్రద్ధ చూపినచో తెలియదగిన దోషముతోనో అపాయకరమైన బండిని నడుపుటయు, నడుపనిచ్చుటయు నేరమని చెప్పుచున్నది. అట్టి దోషము కారణముగ మనుష్యులకు గాయమైనచో జైలుశిక్షయు కలదు.

“మా బండికి ఫిట్‌నెసు సర్టిఫికెట్టు ఉన్నది గదా” యని కొంద ఱందురు. చట్టము 56వ విభాగము క్రింద ఇచ్చు ఈ పత్రము ఎనిమిదేండ్లలోపు బండికి రెండేండ్లకొకసారి, అంతకుమించినదానికి ఏటేట పుచ్చుకొనవలసియున్నది. కాని ఆ పత్రము పరీక్ష జరిగిననాటి స్థితిని మాత్రమే చెప్పును. ఆనాడు నాలుగు చక్రములును నిలిచినవా లేదా యని చూతురు. తుప్పు తిన్న గొట్టము ఆనాడు నిలువవచ్చును. జ్యేష్ఠములో పరీక్ష నెగ్గిన గొట్టము వానకాలమంతయు బురదలో తిరిగి మాఘమున పగులవచ్చును. పత్రము గోడకు వ్రేలాడును. గొట్టము బండి క్రింద వ్రేలాడును. ఒకదానిని చూచి రెండవదానిని నమ్మరాదు.

యజమానులను దూషించుటయే మా యుద్దేశమని యెవరును తలపరాదు. పాతబండి కొన్నవాడు ధనికుడు గాడు. వాయిదాలు కట్టవలెను, డీజిలు పోయవలెను, మిరపధర పడిపోయిన యేట కిరాయి సైతము బాకీ పడును. సుగ్గి మూడు నెలలలో ఆర్జించినదే యేడాది జీవనము. ఆ దినములలో బండిని షెడ్డున నిలుపుమనుట ఆతని నోటికాడి కూడు లాగుటగ తోచును. కావుననే మేము చెప్పునది సుగ్గికి ముందే చేయుమని. బ్రేకుపైపు బండియందలి వస్తువులలో మిక్కిలి చౌకయైనవానిలో నొకటి. పగిలిన పిదప చెల్లింపవలసిన మూల్యమున చేను, ఇల్లు, బండి మూడును పోవచ్చును. పోయిన ప్రాణము వీనిలో దేనితోను తిరిగిరాదు.

నడుపువారు తెలిసికొనవలసిన గుర్తులు కొన్ని కలవు. పెడలు మునుపటికన్న లోతుగ పోవుట, మెత్తగ తోచుట, రెండుమూడుమారులు త్రొక్కిన గాని పట్టకుండుట. ఆయిలు డబ్బాలో మట్టము మాటిమాటికి తగ్గుట. బ్రేకు ఎఱ్ఱదీపము వెలుగుట. నిలిపిన బండి క్రిందనో చక్రము లోపలివైపుననో తడి కనబడుట. బ్రేకు వేయగానే బండి ఒకవైపు లాగుట. వీనిలో నేదియైనను కనబడినచో ఆ బండిని ఆనాడు రోడ్డెక్కింపరాదు. ఆయిలు పోసి పని నడుపుకొనుట రోగమును దాచుటయే. ఆ ఆయిలు స్వభావమునను గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ నీరు గొట్టమును లోపలినుండియు తినును. డాట్ 3 తరగతి ఆయిలు కొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల వఱకు మరుగక నిలుచును. నీరు చేరినదానికి ఆ ప్రమాణము 140 డిగ్రీలే. దోర్నాల ఘాటున శ్రీశైలము నుండి దిగుచు పెడలుపైననే కాలుంచువాడు ఈ సంఖ్యలను మఱవరాదు. రెండేండ్లకొకసారియైన ఆయిలు మార్పింపవలెను. పల్లమున చిన్న గేరులో దిగవలెను.

షెడ్డులవారికిని ఒక మాట. పగిలినచోట కోసి రబ్బరుగొట్టము తొడిగి తీగె చుట్టుట, ఒక చక్రమునకు పోవు పైపును నలిపి మూసి మిగిలిన మూడింటితో పంపివేయుట, బ్రేకు ఆయిలునకు మాఱుగ ఇంజను ఆయిలు పోయుట: ఇవి మరమ్మతులు గావు. ఇంజను ఆయిలు సిలిండరులోని రబ్బరును ఉబ్బించి చెఱచును. ఒకచోట తుప్పు తిన్న గొట్టము మిగిలినచోటులయందును తినియే యుండును. కావున ఆ పైపును చివరినుండి చివరివఱకు మార్పవలెను. దొరికినచోట రాగి-నికెలు గొట్టమునే వేయవలెను. “ఈ బండిని నేను పంపను” అని చెప్పగల మేస్త్రీ ఆ యూరికి వైద్యునితో సమానుడు.

కూలీలను పిలుచు రైతులకును, ముఠామేస్త్రీలకును బాధ్యత లేదా? మిర్చి టిక్కీ 40 కిలోల పైచిలుకు తూగును. 1,500 కిలోలకు చేసిన బండిలో 37 టిక్కీలకు మించి పట్టరాదు. 60 వేసినచో 2,400 కిలోలు దాటును. ఆ బరువును నిలుపవలసినది అదే గొట్టము. సరకుబండిలో మనుష్యులను మోయుటయే చట్టవిరుద్ధము. అయినను కోసిగి, మంత్రాలయము వంటి కరవుసీమలనుండి మిరపకోతకు వలసవచ్చు కుటుంబములు పిల్లాపాపలతో ఈ బండ్లపైననే వచ్చుట మనము చూచుచున్నాము. గ్రామమునకు బస్సు లేనిది ప్రభుత్వపు లోపమే. సుగ్గి నెలలలో కోతగ్రామములకు తెల్లవాఱుజామున ఆర్టీసీ బస్సులు నడుపుమని కోరుట మన హక్కు. అది వచ్చువఱకు కిరాయి మాటలాడునపుడు “ఎంత?” అని యడుగు రైతు “బ్రేకుపైపు ఎప్పుడు మార్చితివి?” అనియు అడుగుట కష్టము గాదు.

ప్రభుత్వమువారిని మేము కోరునది మూడు పనులు. ఒకటి: మిరప, ప్రత్తి వచ్చుటకు ముందు గుంటూరు యార్డునందును, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, చీరాల పట్టణములందును రవాణా శాఖవారు ఉచిత పరీక్షాదినములు పెట్టి, జరిమానా భయము లేకుండ పాతబండ్ల గొట్టములను చూచి చెప్పవలెను. రెండు: ఎనిమిదేండ్లు దాటిన బండికి ఫిట్‌నెసు పత్రమిచ్చునపుడు బ్రేకుపైపులను మొత్తము పొడవున చూచితిమని వేఱుగ వ్రాయవలెను. మూడు: ప్రమాదమైన బండిని మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు పరీక్షించునపుడు “బ్రేకులు పనిచేయుట లేదు” అను ఒక్కవాక్యముతో సరిపెట్టక, ఎచ్చట పగిలినది, ఏల పగిలినది చెప్పవలెను, పగిలిన గొట్టమును సాక్ష్యముగ భద్రపఱుపవలెను. ఆ ముక్క తుక్కుదుకాణమునకు పోయినచో విధవకు న్యాయమును దానితోడనే పోవును.

పఠనమందిరములందు ఈ పత్రికను చదువు మహాశయులును చేయదగిన పని గలదు. మీలో ననేకులు బండి యెక్కువారు గారు. కాని బండి వేయించువారు, సరకు పంపువారు, అప్పిచ్చువారు, పంచాయతీలో మాట చెల్లువారు. ఈ విషయమును చదువురాని బండివానికి చదివి వినిపింపుడు. ఇకపై “బ్రేకులు ఫెయిలైనవి” అని పత్రికలో చదివినపుడు, మా పత్రికలోనైనను సరే, “ఏల?” అని యొక కార్డు వ్రాయుడు. వ్రాసినవారికి జవాబు చెప్పుటకు మేము బద్ధులము.

విజయదశమి సమీపించుచున్నది. ఆనాడు మన సీమలో బండిగలవారందఱును దానిని కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూలమాల వేసి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి త్రొక్కింతురు. పనిముట్టును పూజించుట మంచి యాచారము; దానిని మేము కాదనము. వానలు వెడలి కోతలు రాని ఆ దినము గొట్టములు చూచుటకును సరియైన దినమే. మాల వేయుటకు ముందు బండి కడుపుక్రింద నీరు కొట్టి మన్ను వదలించి, ఒక దీపము చేతబట్టుకొని మేస్త్రీని వెల్లకిల పరుండబెట్టి, మాస్టరు సిలిండరు మొదలు వెనుకచక్రము వఱకు ఆ గొట్టమును వేలితో తడిమి చూపింపుడు. తుప్పు రేక లేచినచో ఆ పైపు మార్చిన పిదపనే నిమ్మకాయ పెట్టుడు. సంక్రాంతి వెళ్లిన మఱునాడు చీకటిలో ఆ బండి నెక్కబోవు ముప్పదిమంది తల్లులకు ఈ గొట్టమొకటి యున్నదనియే తెలియదు. తెలిసినవారము మనము.